బడి పద్దులో కులం

1959 జూన్‌లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక చిన్న కౌంటీ పాలకమండలి తన వార్షిక బడ్జెట్‌ను చర్చకు తీసుకుంది. ఆ కౌంటీ పేరు ప్రిన్స్ ఎడ్వర్డ్, దాని ముఖ్య పట్టణం ఫార్మ్‌విల్. పొగాకు పండే గ్రామీణ ప్రాంతం. పాలకమండలి సభ్యులందరూ శ్వేతజాతీయులే. ప్రభుత్వ పాఠశాలల కోసం ఆ సంవత్సరం పన్ను వేయకూడదని వారు నిర్ణయించారు. పన్ను లేదు కనుక నిధి లేదు, నిధి లేదు కనుక బడి లేదు. సెప్టెంబరు వచ్చేసరికి కౌంటీలోని ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలు పడ్డాయి. అవి తిరిగి తెరుచుకోవడానికి అయిదేళ్లు పట్టింది.

కారణాన్ని వారు దాచుకోలేదు. జాతి, వర్ణ భేదం లేకుండా పిల్లలందరినీ అన్ని బడులలో చేర్చుకోవాలని న్యాయస్థానం ఆదేశించిందనీ, అందుకే ఈ నిర్ణయమనీ చెప్పారు. నల్లజాతి పిల్లవాడి పక్కన తమ పిల్లవాడు కూర్చోవడం కంటే అసలు ప్రభుత్వ బడే లేకపోవడం మేలని వారు భావించారు. ఆ భావాన్ని అమలు చేయడానికి వారికి పోలీసులు, లాఠీలు అవసరం కాలేదు. ఒక బడ్జెట్ తీర్మానం చాలింది.

బడ్జెట్ అనగానే అది లెక్కలు తెలిసినవారి వ్యవహారమని మన విద్యార్థులు, ఉద్యమకారులు కూడా పక్కకు తప్పుకుంటారు. రిజర్వేషన్ గురించి, అత్యాచారాల గురించి, ప్రాతినిధ్యం గురించి మాట్లాడినంత గట్టిగా బడి పద్దు గురించి మాట్లాడరు. అంటరానితనాన్ని రాజ్యాంగం నిషేధించిన దేశంలో వివక్ష చట్టంలో కనిపించదు, కేటాయింపులలో కనిపిస్తుంది. ఈ సంగతిని ప్రిన్స్ ఎడ్వర్డ్ అంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. అందుకే ఆ కథను మనం కొంచెం వివరంగా తెలుసుకోవాలి.

ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లల కోసం ఉన్న రాబర్ట్ రూసా మోటన్ హైస్కూలును 1939లో 180 మంది విద్యార్థులకు సరిపోయేలా కట్టారు. 1951 నాటికి అందులో 450 మందికి పైగా చదువుతున్నారు. వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు. చోటు చాలక కర్రలతో షెడ్లు వేసి, వాటికి తారు కాగితం చుట్టి తరగతులు నడిపేవారు. చూసినవారు వాటిని కోళ్ల గూళ్లతో పోల్చేవారు. కొత్త భవనం కావాలని తల్లిదండ్రులు, పాస్టర్ ఫ్రాన్సిస్ గ్రిఫిన్ వంటి పెద్దలు స్కూలు బోర్డు సమావేశాల చుట్టూ తిరిగారు. అడిగిన ప్రతిసారీ వచ్చిన జవాబు వాయిదాయే.

పెద్దలు విన్నపాలు చేసి అలసిపోయిన చోట పిల్లలు లేచారు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల విద్యార్థిని నాయకత్వంలో బడి మొత్తం సమ్మె చేసింది. ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అనే న్యాయవాదులు ముందుకు వచ్చారు. అయితే వేరు బడిలోనే మంచి భవనం కావాలని కాక, వేరు బడుల పద్ధతే రద్దు కావాలని అడిగితేనే కేసు చేపడతామన్నారు. విద్యార్థులు, వారి కుటుంబాలు ఒప్పుకున్నారు. 117 మంది విద్యార్థుల పేరున దాఖలైన ఆ వ్యాజ్యం, 1954 మే 17న వెలువడిన సుప్రసిద్ధ బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసులలో ఒకటి.

మధ్యలో జరిగిన ఒక చిన్న సంగతి గమనించదగినది. ఏళ్ల తరబడి డబ్బు లేదన్న చోటనే, కేసు పడిన తర్వాత డబ్బు దొరికింది. 1953లో నల్లజాతి పిల్లలకు కొత్త హైస్కూలు భవనం తయారైంది. ఖజానా అంతకుముందు నిజంగా ఖాళీగా ఉందా? నిధుల కొరత అనే మాట చాలా సందర్భాలలో లెక్కల నుంచి వచ్చే మాట కాదు. ఎవరి పిల్లల కోసం ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ముందే జరిగిపోయాక చెప్పే మాట.

బ్రౌన్ తీర్పు తర్వాత కౌంటీ పాలకమండలి మరో ఉపాయం పన్నింది. బడులకు ఏడాది మొత్తానికి నిధులు ఒకేసారి ఇవ్వకుండా నెలనెలా ఇవ్వడం మొదలుపెట్టింది. న్యాయస్థానం ఏ నెలలో గట్టిగా ఆదేశిస్తే ఆ నెలలోనే కుళాయి కట్టేయవచ్చు. పిల్లలను కలిపి చదివించడం కంటే ప్రభుత్వ బడులను వదులుకోవడానికే సిద్ధమని 1956లో నాలుగు వేలకు పైగా శ్వేతజాతి పౌరులు సంతకాలు చేసి ఇచ్చారు. 1959లో ఆ మాట చేతలలోకి వచ్చింది.

ఆ సెప్టెంబరులోనే శ్వేతజాతి పిల్లల కోసం ఒక ప్రైవేటు అకాడమీ తెరుచుకుంది. సుమారు 1,500 మంది అందులో చేరారు. మూతపడిన ప్రభుత్వ బడులలోని శ్వేతజాతి టీచర్లలో దాదాపు అందరూ అక్కడికే వెళ్లారు. మొదటి ఏడాది విరాళాలతో నడిచింది. మరుసటి ఏడాది నుంచి ప్రజాధనమే దారి మళ్లింది. ప్రైవేటు బడిలో చదివే పిల్లలకు రాష్ట్రం, కౌంటీ ట్యూషన్ గ్రాంట్లు ఇచ్చాయి. ప్రైవేటు బడికి విరాళం ఇచ్చినవారికి ఆస్తి పన్నులో నాలుగో వంతు దాకా మినహాయింపు దొరికింది. ప్రభుత్వ బడికి పన్ను వేయమన్న పాలకమండలి, ప్రైవేటు బడికి పన్ను వదులుకోవడానికి మాత్రం వెనుకాడలేదు. బడులు మూసివుండగా ఇలాంటి చెల్లింపులు సాగరాదని 1961లో ఫెడరల్ న్యాయస్థానం అడ్డుకోవలసి వచ్చింది.

నల్లజాతి పిల్లలు సుమారు 1,700 మంది వీధిన పడ్డారు. వారికీ ఒక ప్రైవేటు బడి పెట్టుకోవచ్చని శ్వేతజాతి పెద్దలు సూచించారు. నల్లజాతి కుటుంబాలు నిరాకరించాయి. ఆ సూచనను ఒప్పుకుంటే న్యాయస్థానంలో గెలిచిన హక్కును తామే వదులుకున్నట్లవుతుందని వారికి తెలుసు. ఆ నిరాకరణకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొందరు పిల్లలు బంధువుల ఇళ్లకు, పరాయి ఊళ్లకు వెళ్లి చదివారు. కొందరికి చర్చిల నేలమాళిగల్లో నడిచిన శిక్షణ కేంద్రాలే దిక్కయ్యాయి. చాలామంది పలక పట్టవలసిన వయసులో పొగాకు చేలలో పనికి పోయారు.

ఈ చరిత్ర మనకెందుకన్న ప్రశ్న రావచ్చు. 1959 తెలుగు నేలకూ ముఖ్యమైన సంవత్సరమే. ఆ ఏడాది ఆరంభంలో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశం వచ్చారు. కేరళలో దళిత పిల్లలు చదివే ఒక బడికి వెళ్లినప్పుడు, అక్కడి ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశారనీ, మొదట ఆ మాట నొప్పించినా ఆలోచిస్తే అది నిజమేననిపించిందనీ ఆయన తర్వాత చెప్పుకున్నారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. పాతతరం నోట ఇప్పటికీ వినిపించే సమితి బడి అన్న మాట అప్పటిది. అక్కడ స్థానిక పాలన బడిని మూసేసిన ఏడాదిలోనే ఇక్కడ స్థానిక పాలన చేతికి బడి వచ్చింది.

ఊరి చేతిలో అధికారం పెట్టడం గురించి అంబేడ్కర్ అంతకు పదకొండేళ్ల ముందే హెచ్చరించారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామాన్ని స్వరాజ్యానికి పునాదిగా కీర్తించేవారితో ఆయన విభేదించారు. గ్రామం సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, మతతత్వానికీ నిలయమని అన్నారు. ఆ మాటను గ్రామాల మీద ద్వేషంగా కొట్టిపారేసినవారు ప్రిన్స్ ఎడ్వర్డ్ వైపు చూడాలి. అక్కడ జరిగినదంతా ఎన్నికైన స్థానిక సంస్థలో, నిబంధనల ప్రకారం, తీర్మానం రూపంలోనే జరిగింది. వర్జీనియాలో ఓటు వేయాలంటే తలపన్ను కట్టాలి. నల్లజాతివారు జనాభాలో పెద్ద భాగమైనా పాలకమండలిలో వారి గొంతు లేదు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒక్కరి బిడ్డ కూడా ఆ నిర్ణయం వల్ల చదువు కోల్పోలేదు.

మన సమితులలోనూ, పరిషత్తులలోనూ అధ్యక్ష స్థానాలు చాలాకాలం భూమి ఉన్న కులాల చేతిలోనే ఉన్నాయి. టీచర్ల బదిలీలు వారి ఇష్టాయిష్టాల మీద నడిచాయి. ఉపాధ్యాయ సంఘాలు స్థానిక పెత్తనం నుంచి విముక్తి కోరుతూ ఉద్యమించడానికి కారణం అదే. ఆ విముక్తి వచ్చింది, కానీ దానితోపాటే బడి డబ్బు మీద చర్చ కూడా ఊరు దాటిపోయింది. నేడు పాఠశాల బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని ఉంటుంది. జీతాలు, నియామకాలు, భవనాలు, మూసివేతలు అన్నీ రాష్ట్ర రాజధానిలో తేలుతాయి. 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉన్నా, పంచాయతీకి ఆ అంశం కాగితం మీదే మిగిలింది.

చట్టం ఒక దారి మాత్రం తెరిచివుంచింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు జనాభా దామాషాలో చోటు ఉండాలి. ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. అంటే బడి పద్దు మీద మొదటి మాట కూలిపని చేసే తల్లిది కావాలని చట్టం చెబుతోంది. ఆచరణలో చాలా చోట్ల ఆ తల్లి సంతకం పెట్టడానికి మాత్రమే పిలుపు అందుకుంటుంది. ఏ కాగితం మీద పెడుతున్నదో ఆమెకు చదివి వినిపించేవారుండరు.

ఆ కమిటీ చేతికి వచ్చే డబ్బు ఎంతో చూస్తే అసలు మెలిక తెలుస్తుంది. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం బడికి ఏటా ఇచ్చే సంయుక్త గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే 10,000 రూపాయలు, 100 మంది దాకా 25,000, 250 మంది దాకా 50,000. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా, చిన్న మరమ్మతుల నుంచి మరుగుదొడ్డి శుభ్రత దాకా అందులోనే సర్దుకోవాలి. పిల్లలు 60 మంది లోపు ఉంటే అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు చాలని చట్టంలోని ప్రమాణం చెబుతోంది.

ఈ లెక్క కులం తెలియనిదిగా కనిపిస్తుంది. అది నడిచే తీరు చూడాలి. ముందుగా ఊరిలోని సంపన్న కుటుంబాలు, అంటే ప్రధానంగా భూమీ ఉద్యోగమూ ఉన్న కులాలు, తమ పిల్లలను పసుపు రంగు బస్సు ఎక్కిస్తాయి. బడిలో సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, టీచరు పోస్టు పోతుంది. టీచరు పోతే వెనుకబడిన కులాలలో కాస్త స్తోమత ఉన్నవారూ అప్పు చేసి ప్రైవేటుకు పోతారు. చివరికి మాల, మాదిగ పల్లెల పిల్లలు, ఆదివాసీ గూడేల పిల్లలు, వలస కూలీల పిల్లలు మిగులుతారు. అప్పుడు ఒక అధికారి వచ్చి పిల్లలు లేరు కనుక బడిని పక్క బడిలో కలుపుతున్నామని చెబుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు మూడు నుంచి అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కింది ఈ భయంతోనే. ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల రహదారి దాటి పక్క ఊరి బడికి నడవాలంటే ఎన్నాళ్లు నడుస్తుంది? ఆ ఉత్తర్వును తర్వాతి ప్రభుత్వం 2025లో ఉపసంహరించుకున్నా, సంఖ్య ఆధారంగా బడిని తూచే పద్ధతి మారలేదు.

ప్రిన్స్ ఎడ్వర్డ్‌తో మన పరిస్థితి సమానమని చెప్పడం లేదు. అక్కడ నిర్ణయం బహిరంగం, ఉద్దేశం ప్రకటితం. ఇక్కడ ఎవరూ కూర్చుని దళిత పిల్లల బడి మూయాలని తీర్మానించలేదు. మధ్యాహ్న భోజనం, గురుకులాలు, నాడు-నేడు, మన ఊరు-మన బడి వంటి కార్యక్రమాల మీద ప్రభుత్వాలు ఖర్చు చేశాయి. గురుకులాల నుంచి వచ్చిన పిల్లలు ఉన్నత విద్యాసంస్థలకు చేరారు. అయినా రెండు చోట్లా ఒక పోలిక ఉంది. సమాజంలో బలమున్నవారు ఉమ్మడి బడి నుంచి తమ పిల్లలను తీసుకుపోయారు, కానీ ఆ బడికి ఎంత ఇవ్వాలో నిర్ణయించే కుర్చీని వదల్లేదు. శాసనసభ్యుడి బిడ్డ, కలెక్టరు బిడ్డ, కాంట్రాక్టరు బిడ్డ, ఇంకా చెప్పాలంటే అదే బడిలో పాఠం చెప్పే టీచరు బిడ్డ కూడా ఆ బడిలో చదవని చోట, కప్పు కారుతోందన్న ఫిర్యాదు ఎవరి గుండెను తాకుతుంది? ప్రభుత్వ జీతం తీసుకునేవారి పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక బడులలోనే చదవాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం అమలుకు నోచుకోకపోవడమే ఈ ప్రశ్నకు జవాబు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పుకోవాలి. ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం సాయం చేస్తే దళిత బిడ్డ కూడా మంచి బడికి పోతాడు కదా అని అడిగేవారున్నారు. ఆ ఆకాంక్ష న్యాయమైనదే, ఇంగ్లీషు చదువు కోసం దళిత తల్లి పడే ఆరాటాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఉమ్మడి బడి ఎండిపోతున్నప్పుడు ప్రైవేటు బడికి పారే ప్రతి రూపాయి, పోగలిగినవారికి నిచ్చెన అవుతుంది, పోలేనివారికి గోతి అవుతుంది. వర్జీనియాలోని ట్యూషన్ గ్రాంట్లు ద్వేషంతో పుట్టాయి, మన పథకాలు సంక్షేమం పేరుతో పుట్టాయి. ఉద్దేశాలు వేరు. ఉమ్మడి బడి బలంగా లేని చోట ఫలితాలు ఒకే వైపు సాగుతాయి.

ప్రిన్స్ ఎడ్వర్డ్ కథ ముగిసిన తీరులో మనకు పనికివచ్చే సూత్రం ఉంది. 1963లో కెనెడీ ప్రభుత్వం చొరవతో ఉచిత బడులు తాత్కాలికంగా తెరిచారు. 1964 మే 25న గ్రిఫిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాస్టర్ గ్రిఫిన్ పిల్లల పేరున నడిచిన కేసు అది. రాష్ట్రంలోని ఇతర కౌంటీలలో ప్రభుత్వ బడులు నడుస్తుండగా ఈ ఒక్క చోట మూయడం నల్లజాతి పిల్లలకు సమాన రక్షణను నిరాకరించడమేనని న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ రాశారు. అంతకంటే ముఖ్యంగా, అవసరమైతే పన్ను వేసి నిధులు సమకూర్చమని పాలకమండలిని ఆదేశించే అధికారం కింది కోర్టుకు ఉందన్నారు. హక్కును గుర్తించిన తీర్పులు అంతకుముందూ ఉన్నాయి. హక్కుకు వెల ఎవరు కట్టాలో తేల్చిన తీర్పు ఇది.

సెప్టెంబరులో బడులు తెరుచుకున్నాయి. కానీ ఆ ఏడాది బడ్జెట్‌లో ప్రభుత్వ బడుల కంటే ప్రైవేటు ట్యూషన్ గ్రాంట్లకే పాలకమండలి ఎక్కువ కేటాయించింది. అప్పీలు విచారణలో ఉండగానే, ఆగస్టులో ఒక రాత్రి రాత్రే శ్వేతజాతి తల్లిదండ్రులకు చెక్కులు పంచిపెట్టింది. అందుకు తర్వాత కోర్టు ధిక్కారం కింద దోషిగా నిలిచింది. గెలిచిన తీర్పును కూడా ఏటా పద్దుల దగ్గర కాపలా కాయవలసిందేనని ఆ రాత్రి చెబుతోంది.

మన దగ్గర ఈ కాపలాకు వారసత్వం ఉంది. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే అడిగింది ఇదే. రైతులు, శూద్రులు కట్టే శిస్తుతో పైకులాల పిల్లలు ఉన్నత చదువులు చదువుతుంటే, శిస్తు కట్టినవారి పిల్లలకు ప్రాథమిక బడి ఎందుకు లేదని ప్రశ్నించారు. 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో విద్యా పద్దు మీద మాట్లాడుతూ అంబేడ్కర్, ప్రజల చదువు మీద తలకు పెట్టే ఖర్చునూ వారి నుంచి తలకు రాబట్టే ఎక్సైజ్ ఆదాయాన్నీ పక్కపక్కన పెట్టి చూపారు. మద్యం ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వాలున్న రెండు తెలుగు రాష్ట్రాలలో ఆ పోలిక ఈనాడూ వేసి చూడదగినదే. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పిల్లలకు బడులు నడిపి, సమాజం చేతి డబ్బుతో మొదలైన చదువును ప్రభుత్వ బాధ్యతగా మార్చే దాకా పోరాడారు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది కూడా దళిత సంఘాలు బడ్జెట్ పుస్తకాలు చదివి, దారి మళ్లిన నిధులను లెక్కగట్టి వీధుల్లోకి వచ్చినందువల్లే.

ఈ వారసత్వం నుంచి నేడు అడగవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, బడికి ఇచ్చే కనీస నిధికి పిల్లల సంఖ్యతో ముడి తెంచాలి. పన్నెండు మంది దళిత పిల్లలున్న బడికీ తరగతికొక టీచరు, తాగునీరు, తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. సంఖ్య పెరిగినప్పుడు నిధి పెరగవచ్చు, ఆ కనీసం కిందికి మాత్రం పోరాదు. రెండోది, బడిని మూయాలన్నా కలపాలన్నా ఆ ఆవాసంలోని తల్లిదండ్రుల సమావేశం ఆమోదం తప్పనిసరి కావాలి. అంబేడ్కర్ హెచ్చరించిన ఊరి పెత్తనం చేతికి కాక, బడిని వాడుకునేవారి చేతికే ఆ మాట ఇవ్వాలి. మూడోది, ప్రైవేటు బడులకు ప్రజాధనం నుంచి వెళ్లే ప్రతి చెల్లింపునూ అదే మండలంలోని ప్రభుత్వ బడుల కేటాయింపుతో పక్కపక్కన ఏటా ప్రకటించాలి. లెక్క కళ్ల ముందు ఉంటే వాదన సులువవుతుంది.

వర్జీనియా శాసనసభ 2003లో ప్రిన్స్ ఎడ్వర్డ్ మూసివేతల మీద విచారం ప్రకటించింది. మరుసటి ఏడాది చదువు కోల్పోయినవారికి ఉపకార వేతనాలు ఏర్పాటు చేసింది. పదేళ్ల వయసులో బడి పోగొట్టుకున్నవారు యాభై దాటాక తరగతి గదిలో కూర్చున్నారు. ఆ క్షమాపణకు విలువ ఉంది, కానీ అది వారి బాల్యాన్ని తిరిగి ఇవ్వలేదు. మన ఊరి బడి యాజమాన్య కమిటీ తదుపరి సమావేశం ఎప్పుడో కనుక్కోండి. విద్యార్థి సంఘాలలో పనిచేసేవారు ఒక్క రోజు ఆ సమావేశానికి వెళ్లి, సంతకం పెట్టబోయే తల్లికి ఆ కాగితంలోని అంకెలను చదివి వినిపించండి. తర్వాత ఏం అడగాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు.